స్కెరీ ఎగిరిన ఉదయం

శనివారం దీపాలు పెట్టే వేళకు మాన్సీ వెల్జియన్ భుజాన బరువుతో ఇంగా నడిపే పబ్బులోకి వచ్చి, కిటికీ పక్క బల్ల మీద ఆనాటి వేటంతా పరిచాడు. ఐదు బాతులు, నాలుగు పెద్దబాతులు. మెడలన్నీ ఒకే వైపు వాల్చి, రెక్కలు సర్ది, పెళ్లి కానుకలు పేర్చినట్టు పేర్చాడు. వెనకాలే వచ్చిన కుక్క స్కెరీ ఎవరినీ పలకరించకుండా పొయ్యి ముందు చతికిలబడి కళ్లు మూసుకుంది.

"మాన్సీ, అది జనం తిండి తినే బల్ల," అంది ఇంగా గ్లాసులు తుడుస్తూనే.

"తెలుసు తల్లీ. రోజూ ఆలుగడ్డల ముఖమే చూస్తోంది పాపం. ఒక్కపూట దాన్నీ సంతోషపడనీ."

నవ్వినవాళ్లు నవ్వారు. మాన్సీ మాత్రం ఓరకంట మూలకు చూశాడు. అక్కడ మెరన్ హెడిల్ గొర్రెమాంసం సూపులో బార్లీ రొట్టె ముంచుకుని తింటోంది. బాతుల వైపు ఒకసారి చూసి, మళ్లీ గిన్నె వైపు తిరిగింది. ఆ చూపులో ఏముందో మాన్సీకి అంతుపట్టలేదు.

సరస్సు పక్కనున్న పెద్ద బార్లీ చేను మెరన్‌ది. కోతలయ్యాక ఆ కొయ్యకాళ్ల మీద పెద్దబాతులు మందలు మందలుగా వాలి, పక్కనే మొలకెత్తుతున్న గడ్డిని కూడా బోడి చేసి పోతున్నాయి. ఈ చలికాలమంతా అక్కడ వేటాడుకోవడానికి ఒక్కరికే అనుమతిస్తానని ఆమె చెప్పింది. ఇద్దరు అడిగారు. ఒకడు మాన్సీ. రెండోవాడు ఎర్లెండ్ కారిగల్. ఎర్లెండ్ దగ్గరున్నది డ్యూక్ అనే మేలుజాతి లాబ్రడార్. తాతముత్తాతల పేర్లన్నీ కాగితం మీద రాసి ఉన్న కుక్క అది, పోటీల్లో రిబ్బన్లు తెచ్చుకుంది. స్కెరీ తండ్రి లాబ్రడారే. తల్లి మాత్రం ఎవరింటి గొర్రెలు కాసిందో మాన్సీకే తెలియదు. స్కెరీ చెవుల్లో ఒకటి సముద్రపు సీల్ కొరికి సగమే మిగిలింది.

ఈ శనివారం ఉదయం ఇద్దర్నీ చేనుకు చెరో కొసన కూర్చోబెట్టి, చేను ఎవరికో సాయంత్రం పబ్బులో చెప్తానంది మెరన్.

మాన్సీకి ఆ చేను ఎంత అవసరమో ఊళ్లో అందరికీ తెలుసు. ఇన్నాళ్లూ అతను మాటు వేసిన బురదనేలను బాతుల్ని బతికుండగా చూడాలని ముచ్చటపడే ఒకాయన కొనుక్కుని కంచె వేయించాడు. స్కెరీకి పదేళ్లు నిండాయి. దానికి బహుశా ఇదే చివరి మంచి చలికాలం. దాన్ని పొయ్యి ముందు కాలం గడపమనడం మాన్సీకి మనసొప్పలేదు.

అందుకే బీరు గ్లాసు అందుకోగానే మొదలుపెట్టాడు.

"పెద్ద విషయమేం కాదనుకోండి. తెల్లారకముందే వెళ్లి రాతిగోడ వెనకాల మాటు వేశాను. రెండు బాతులు వచ్చాయి. ఒక్క తూటా వేశాను. రెండూ పడ్డాయి. అంతే. చిన్నపిల్లాడైనా కొడతాడు. కానీ పడింది ఎక్కడ? సరస్సులో, ఒకటి ఈ పక్క, ఒకటి ఆ పక్క. మామూలు కుక్కయితే రెండుసార్లు వెళ్లొస్తుంది కదా. మన స్కెరీ ఏం చేసిందో తెలుసా?"

"ఈదుకుంటూ వెళ్లి రెండూ ఒకేసారి తెచ్చింది," అన్నాడు డేవిక్. ఊళ్లో ఉత్తరాలు పంచేవాడు అతను. మాన్సీ కథల్ని చాలాకాలంగా వింటున్నాడు.

"తెచ్చింది. అందులో వింతేముంది? ఒకదాని మెడ నోట్లో, రెండోదాని మెడ కూడా నోట్లోనే. వింత ఆ తర్వాత జరిగింది. మూడో బాతు ఒకటి దెబ్బ తిని నీళ్లలో మునిగింది. స్కెరీ కూడా మునిగింది. నేను చూస్తున్నాను. బుడగలు వస్తున్నాయి. కాసేపటికి బుడగలు ఆగిపోయాయి. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాను, ఇంకేముంది, పదేళ్ల స్నేహం నీళ్లపాలైందని. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అవతల గట్టున తేలింది. దాని నోట్లో బాతు. బాతు నోట్లో ఇంత ట్రౌటు చేప."

"ఆ చేప ఏదీ?" అంది ఇంగా.

"మధ్యాహ్నం తినేశాను. సాక్ష్యం కోసం ఆకలి చంపుకోమంటావా?"

నవ్వులు పెరిగాయి. మాన్సీ కుర్చీ ఇంకాస్త మధ్యకు లాక్కున్నాడు. అప్పుడు గోడ పక్క నిలబడ్డ ఎర్లెండ్ కారిగల్ మెల్లగా అడిగాడు. ఎర్లెండ్ సాయంత్రం నుంచీ సరిగా మాట్లాడలేదు. పొద్దునంతా కాలుస్తూనే ఉన్నా అతను తెచ్చింది ఒక్క పెద్దబాతు. అది కూడా చేలోనే పడింది కాబట్టి దొరికింది.

"మాన్సీ, నీ వైపు నుంచి నాకు తుపాకీ చప్పుడే వినపడలేదే."

ఇక్కడ అసలు సంగతి కాస్త చెప్పుకోవాలి. మాన్సీ తెల్లారకముందే వెళ్లి మాటు వేసిన మాట నిజం. చలికి ఓర్చుకోవడానికి విస్కీ కలిపిన టీ రెండు గుక్కలు తాగిన మాటా నిజం. ఒక్క నిమిషం కళ్లు మూసుకుందామని రాతిగోడకు వీపు ఆనించాడు. కళ్లు తెరిచేసరికి సూర్యుడు పైకొచ్చి పొగమంచు పల్చబడుతోంది. పక్కన గడ్డి మీద తొమ్మిది పక్షులు కుప్పగా ఉన్నాయి. స్కెరీ మీసాల్లోంచి నీళ్లు కారుతుండగా కూర్చుని అతని ముఖంలోకి చూస్తోంది. తుపాకీ చల్లగా ఉంది. తూటాలన్నీ నడుం పట్టీలోనే ఉన్నాయి. నాలుగు వైపులా చూశాడు, మనిషి జాడ లేదు. కుక్కనే అడిగాడు, అది తోకాడించింది. పరీక్షనాడు నిద్రపోయినవాడికి చేను ఎవరిస్తారు? ఇంటికి నడిచినంతసేపూ ఆ కుప్ప ఎక్కడినుంచి వచ్చిందో ఆలోచించాడు. తెలియలేదు. తెలియని చోట ఏదో ఒకటి పెట్టి పూడ్చాలి కదా.

"వినపడదు ఎర్లెండ్," అన్నాడు తొణక్కుండా. "పొగమంచు అంత చిక్కగా ఉంది. నేను కాల్చిన చప్పుడు దూదిలో దిగిన సూదిలా అందులో ఇరుక్కుపోయింది. మంచు విడిపోయాక నీకు వినపడి ఉండాలే."

"మధ్యాహ్నం మా ఇంటి కప్పు మీద ఏదో ఢామ్మంది," అన్నాడు డేవిక్. "అదేనేమో."

"అదే. డేవిక్, రెండు వినపడ్డాయా? రెండోది ఎర్లెండ్‌ది. సరే, అసలు కథకు రండి, ఇప్పటిదాకా చెప్పింది బాతుల సంగతి. పెద్దబాతులు ఇంకా రాలేదు. పైన మంచులో వాటి కూతలు వినపడుతున్నాయి, మనిషి కనపడడం లేదు, నా చెయ్యే నాకు కనపడడం లేదు. కూత వచ్చిన వైపు తుపాకీ ఎత్తి కాల్చాను. ఒకటి రెక్కకు దెబ్బ తగిలి గట్టు మీద పడింది. ఎంత ఉంటుందంటే, ఇంగా, నీ బీరు పీపా చూశావూ, దానికి మెడ పెట్టుకో. స్కెరీ పరిగెత్తి దాని తోక పట్టుకుంది. ఆ పక్షికి ఎక్కడలేని పౌరుషం వచ్చింది. రెక్కలు కొట్టింది. లేచింది. స్కెరీ వదలదే. వదలమని నేను నేర్పలేదు కదా."

"లేచిందా? కుక్కతో సహా?"

"కుక్కతో సహా. ముందు కాళ్లు లేచాయి, తర్వాత వెనక కాళ్లు లేచాయి, తర్వాత నాకు కింద ఖాళీ నేల మిగిలింది. ఈల వేద్దామంటే భయం. ఈల వింటే అది పట్టు వదిలి నా దగ్గరకు వస్తుంది, వదిలిందంటే చర్చి గోపురమంత ఎత్తు. నోరు మూసుకున్నాను. నా జీవితంలో నోరు మూసుకున్నది అప్పుడే."

"అది మాత్రం నమ్మలేం," అంది ఇంగా.

పొయ్యి ముందు స్కెరీ తన పేరు విని సగం చెవి కదిలించింది, అంతే. మాన్సీ లేచి నిలబడ్డాడు. చేతులు రెక్కల్లా చాపాడు. గొంతు కూడా పెంచాడు.

"ఇంకా వినండి. సరస్సు దాటింది. పాతకాలపు నిలువురాళ్లు దాటింది. ఎర్లెండ్, నీ నెత్తి మీదుగానే పోయింది, నీ టోపీ కాస్త కదిలిందా లేదా?"

"గాలికి కదిలిందనుకున్నాను," అన్నాడు ఎర్లెండ్ తలొంచుకుని.

"గాలి కాదు, స్కెరీ. సముద్రం మీదికి పోయింది. ఫెర్రీ పడవ మీద ఉన్నవాళ్లు తలెత్తి చూసి, విమానం దారి తప్పిందనుకున్నారట. అక్కడ మంద మొత్తం కలిసింది. పెద్దబాతులు బారు కట్టి ఎగరడం మీరంతా చూసినవాళ్లే. ముందున్నది అలిసిపోతే వెనక్కి తగ్గుతుంది, ఇంకొకటి ముందుకొస్తుంది. అలా ఒక్కొక్కటీ తగ్గుతూ వచ్చింది, వంతు వచ్చింది ఎవరికి? మన స్కెరీకి. తోకను చుక్కానిలా ఇటు తిప్పింది. మంద ఇటు తిరిగింది. అటు తిప్పింది. మంద అటు తిరిగింది. ఐస్‌లాండ్ దాకా పోదామా అనుకుందట. కానీ నా టిఫిన్ టైమవుతోందని దానికి గుర్తొచ్చింది. అదీ విశ్వాసమంటే. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

గదిలో ఎవరూ గ్లాసు ఎత్తడం లేదు. మెరన్ కూడా చెంచా పక్కన పెట్టి వింటోంది. మాన్సీకి అది చూసి ఛాతీ పొంగింది. చేను వచ్చేసినట్టే అనిపించింది.

"మంచు చీల్చుకుని వచ్చింది. వెనకాల ఆకాశం నిండా పెద్దబాతులు. నా మాటు ముందు దిగింది. అవన్నీ దాని వెనకాలే దిగి వరసగా నిలబడ్డాయి, స్కూలు గంట కొట్టినప్పుడు పిల్లలు నిలబడ్డట్టు. నేను లేచి చెప్పాను. నాలుగు చాలు, మిగతావాళ్లు వెళ్లొచ్చు అన్నాను. మనిషికి ఆశ పనికిరాదు. నాలుగు ముందుకొచ్చాయి. మిగతావి నాకు తలవంచి వెళ్లిపోయాయి. అవే ఇవి."

చేయి చాపి బల్ల మీది పక్షుల్ని చూపించాడు. పబ్బు దద్దరిల్లేలా నవ్వారు. డేవిక్ బల్ల మీద గుద్దాడు. ఇంగా అడక్కుండానే ఇంకో బీరు పోసింది. మాన్సీ తలవంచి అందరి మెప్పూ అందుకుని కూర్చోబోయాడు.

"బాగుంది మాన్సీ," అంది మెరన్ మూలనుంచి. "అన్నీ చెప్పావు కానీ, ఈ మధ్యలో నిద్రెప్పుడు పోయావు?"

మాన్సీ కూర్చోబోయినవాడు అక్కడే ఆగిపోయాడు.

"నిద్రా?"

"మీ ఇద్దరికీ వేడి టీ ఇద్దామని ఫ్లాస్కు పట్టుకుని బయలుదేరాను. ముందు నీ దగ్గరికే వచ్చాను. గోడ అవతలి నుంచి ఏదో మోత. మా ట్రాక్టరు ఎవరు తీశారా అనుకున్నాను. వచ్చి చూస్తే నువ్వు. నోరు ఇంత తెరుచుకుని ఉంది. లేపుదామనుకున్నాను. అంతలో నీ కుక్క సరస్సులోంచి వచ్చింది, నోట్లో పెద్దబాతు. నన్ను చూసింది. నీ పక్కన మెల్లగా పెట్టింది, నీకు మెలకువ వస్తుందేమో అన్నంత మెల్లగా. మళ్లీ వెళ్లిపోయింది."

మాన్సీ మెడ నుంచి చెవుల దాకా ఎర్రబడింది.

"నేను గోడ మీద కూర్చుని మీ ఇద్దరి టీ తాగేశాను," అంది మెరన్. "అవతలి కొసన ఎర్లెండ్ కాల్చినప్పుడల్లా ఇది చెవి నిక్కించేది. నీళ్లలో ఏదైనా పడిన చప్పుడు వింటే చాలు, ఈల లేదు, చెయ్యి చూపించేవాళ్లు లేరు, ఆ మంచులోకి దిగిపోయేది. గట్టు పొడుగునా మంచుగడ్డ కట్టింది కదా, దాన్ని ఛాతీతో పగలగొట్టుకుంటూ పోయేది. ఎంతసేపటికో వచ్చేది. ఒక్కటి కూడా వదల్లేదు. ఎర్లెండ్, నీ డ్యూక్ మోకాళ్ల దాకా దిగి, చల్లగా ఉందని తిరిగి రావడం కూడా అటు పోయినప్పుడు చూశాను."

ఎర్లెండ్ గోడ వదిలి రెండడుగులు ముందుకొచ్చాడు.

"అంటే, మెరన్, నాకు గురి తప్పలేదా?"

"తప్పితే ఇవన్నీ ఏమిటి?"

ఎర్లెండ్ బల్ల దగ్గరికి వచ్చి ఒక్కో పక్షినీ ముట్టుకుని చూశాడు. పొద్దున ఇంటికి వెళ్లి తుపాకీకి నూనె రాసి గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాననీ, కంటిచూపు పోయింది, ఇక చాలు అనుకున్నాననీ పక్కనున్న డేవిక్‌తో అన్నాడు. తర్వాత పొయ్యి దగ్గరికి వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని స్కెరీ తల మీద చెయ్యి పెట్టాడు. అది కళ్లు తెరిచి, అతన్ని వాసన చూసి, మళ్లీ మూసుకుంది.

మాన్సీ కూడా దాని వైపే చూస్తున్నాడు. సిగ్గు ఉంది, లేకపోలేదు. కానీ దాని కన్నా ఎక్కువగా సరస్సులో ఈదే స్కెరీయే కళ్ల ముందు మెదిలింది. మంచుగడ్డ పగలగొట్టుకుంటూ, ఎవరూ పిలవకుండా, ఎవరూ పొమ్మనకుండా, ఈ వయసులో. ఇంత పని చేసినదాన్ని తను కథలో సముద్రం మీదంతా తిప్పుకొచ్చాడు కానీ, ఈ ఒక్కటీ తన ఊహకు అందలేదు.

"ఎర్లెండ్, పక్షులు నీవి, తీసుకుపో," అన్నాడు చివరికి.

"సగం నీ కుక్కవి."

"మరి చేను?" అన్నాడు డేవిక్. గదంతా అదే అడగాలనుకుంటోంది.

మెరన్ గిన్నెలో మిగిలిన సూపు రొట్టెతో తుడిచి నోట్లో వేసుకుని, నమిలి, మింగి అప్పుడు చెప్పింది.

"చేను స్కెరీకి ఇస్తున్నాను. చలికాలమంతా దానిదే. కాల్చడానికి ఎర్లెండ్ వస్తాడు."

ఒక్కసారిగా అందరూ గ్లాసులు ఎత్తారు. ఎవరో స్కెరీ పేరు చెప్పి తాగారు, ఇంగా ఒక మాంసం ముక్క తెచ్చి దాని ముందు పెట్టింది, మాన్సీ అందరి కన్నా గట్టిగా నవ్వాడు. నవ్వు తగ్గాక కాస్త బెరుగ్గా మూల వైపు తిరిగాడు.

"బాగానే ఉంది మెరన్. మరి నేనేం చెయ్యాలి?"

"పొద్దున చేసిందే చెయ్యి," అంది మెరన్ కోటు తొడుక్కుంటూ. "కాకపోతే గురక కాస్త తగ్గించు. పక్షులు బెదురుతున్నాయి."