చూస్తేగానీ గారు, నాలుగో మనిషి

ఏమిటే ఆ కాగితాలు, మంచమంతా పరిచావు? పర్మిట్లా? ఇలా ఇయ్యి. కళ్ళజోడు కూడా ఇయ్యి, ఆ గూట్లో ఉంది. ఆహా, గులాబీ రంగు ఒకటి, పచ్చది ఒకటి, నీలం ఒకటి. మీ తాతయ్య రోజుల్లో ఇన్ని రంగులు లేవు తల్లీ, ఒకటే రంగు, మాసిన తెలుపు. ఇదేమిటి, పైన పనేమిటో రాయలేదు, కింద మాత్రం సంతకం ఉంది? ముందే పెట్టించి ఉంచుకుంటారా? పొద్దున్నే ఇరవై, ఆఫీసులో కూర్చునే? బాగుంది. నవ్వకు. ఉద్యోగంలో చేరి మూడు నెలలు కాలేదు, అప్పుడే "ఉత్త కాగితాలు అమ్మమ్మా" అంటున్నావు. ఉత్త కాగితం అనే మాట ఈ ఇంట్లో అనకూడదు. మీ తాతయ్య ఉంటే ఏ కాగితం, ఎవరన్నారు, ఎన్ని గంటలకి అన్నారు అని అడిగి, నువ్వు చెప్పిందంతా రాసి, నీ చేత సంతకం పెట్టించుకునేవారు. కాస్త జరుగు, నన్ను కూర్చోనీ.

ముందు పర్మిట్ అంటే ఏమిటో చెప్తాను. నీకు తెలుసులే, అయినా చెప్పనీ. ముప్పై నాలుగేళ్ళు నల్లబల్ల ముందు నిలబడి చెప్పిన నోరు, ఇప్పుడు ఆగమంటే ఆగదు. ఫ్యాక్టరీలో కొన్ని పనులు మామూలువి, కొన్ని ప్రాణం తీసేవి. మూసిన ట్యాంకులోకి దిగడం, నూనె ఉన్నచోట వెల్డింగ్ చెయ్యడం, అలాంటివి. ఆ పని మొదలయ్యే ముందు ఒక మనిషి అక్కడికి స్వయంగా వెళ్ళి, లోపల గాలి పీల్చుకోదగ్గదేనా అని కొలిచి, లోపలికి నూనె వచ్చే గొట్టానికి తాళం వేసి, ఈ పని, ఈ మనుషులు, ఈ గంట నుంచి ఈ గంట దాకా అని రాసి సంతకం పెట్టాలి. పని అయ్యాక మళ్ళీ వెళ్ళి, దిగినవాళ్ళందరూ పైకి వచ్చారో లేదో చూసి, అప్పుడు మూసేశానని ఇంకో సంతకం. అంతే కదా? బడి పిల్లల్ని తోటకి తీసుకెళ్ళినప్పుడు పోయేటప్పుడు తలలు లెక్కపెడతాం, వచ్చేటప్పుడు లెక్కపెడతాం. అదే ఇదీ. కాకపోతే తోటలో ఒక తల తగ్గితే అది ఏ జామచెట్టు మీదో ఉంటుంది.

మీ తాతయ్యది ఆ సంతకాల ఉద్యోగం. ఎవరు ఏ కాగితం తెచ్చినా ఆయన మొదటి మాట, "చూస్తేగానీ రాయను." ఎండైనా వానైనా, అరమైలు దూరమైనా, చూస్తేగానీ రాయరు. పైవాడు చెప్పాడన్నా, పైవాడి పైవాడు చెప్పాడన్నా అంతే. అందుకని కూలివాళ్ళు ఆయనకి చూస్తేగానీ గారని పేరు పెట్టారు. అదిగో చూస్తేగానీ గారొస్తున్నారు, నిచ్చెన సరిగ్గా నిలబెట్టండ్రా అనుకునేవారట. ఆయన మంచివారా చెడ్డవారా అని నన్నడక్కు. నలభై ఏళ్ళు కాపురం చేశాను, తేల్చుకోలేకపోయాను. ఒకసారి వంటింట్లో బల్బు పోయింది. మామూలు మొగుడైతే ఏం చేస్తాడు? ఎక్కి మారుస్తాడు. ఈయన ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నారు. ఎందుకండీ అంటే, నా జేబులో ఉంటే ఇంకెవరూ పొరపాటున పెట్టలేరు కదా అన్నారు. సబబే. తీరా చూస్తే ఇంట్లో కొత్త బల్బు లేదు. కొనడానికి బజారుకి వెళ్ళారు, జేబులో ఫ్యూజుతో సహా. దారిలో స్నేహితుడు కలిశాడు. మీ అమ్మా నేనూ రెండు గంటలు చీకట్లో కూర్చున్నాం, అత్యంత సురక్షితంగా.

నేనా? నాదీ రాసే ఉద్యోగమేగా, హాజరు పట్టీ. ఇన్‌స్పెక్టరు వచ్చే రోజున నలభై రెండు మందికి ఇరవై తొమ్మిది మంది వస్తే, నలభై రెండూ వచ్చారని రాసేదాన్ని. ఆయన గడప దాటకుండానే "హాజరు తృప్తికరం" అని రాసి టీ తాగి వెళ్ళిపోయేవాడు. దాని వల్ల ఎవరికేం నష్టం? ఆ మాట మీ తాతయ్యతో అంటే రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు వచ్చి, మిగతా పదమూడు మందీ ఎక్కడున్నారు అని అడిగారు.

సరే, అసలు సంగతికి వస్తాను. నాకొక తమ్ముడుండేవాడు, నువ్వు చూడలేదు. మా నాన్న పోయాక నేనే పెంచాను వాడిని. మీ తాతయ్యే చెప్పి ఆ ఫ్యాక్టరీలో పని ఇప్పించారు. పెళ్ళైంది, పెళ్ళాం పుట్టింట్లో పురిటికి ఉంది, నాలుగు రాళ్ళు మిగులుతాయని వీడు పగలూ రాత్రీ రెండు డ్యూటీలు చేస్తున్నాడు. ఆ రోజు నూనె ట్యాంకు ఖాళీ చేసి, అడుగున పేరుకున్న మడ్డి తీయడానికి నలుగురిని దింపారు, అందులో వీడొకడు. మీ తాతయ్య పొద్దున తొమ్మిదింటికి గాలి కొలిచి, గొట్టానికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని, నలుగురూ దిగడం కళ్ళారా చూసి, నలుగురు అని రాశారు. ట్యాంకు కన్నం దగ్గర ఒక కాపలావాడు ఉండాలి, ఎవరు దిగారు ఎవరు ఎక్కారు అని రాసుకుంటూ. ఉన్నాడు. పన్నెండింటికి వాడు టీకి వెళ్ళాడు. సరిగ్గా అప్పుడే మావాడికి తల తిరిగినట్టై పైకొచ్చాడు. చూస్తే ఎవరూ లేరు. మా ఇల్లు గోడవతలే, గోడకి అందరూ దూరే సందు ఒకటుంది. మొహం కడుక్కుని పది నిమిషాల్లో వద్దామనుకున్నాడు. పూలకుండీ కింద తాళంచెవి తీసి, తలుపు తీసి, కుర్చీలో కూలబడ్డాడు. రెండు రాత్రుల నిద్ర, ఊరుకుంటుందా?

ఒంటిగంటకి ముగ్గురు పైకొచ్చారు. నాలుగోవాడేడి? వెనకాలే ఉన్నాడని ఒకడు, ముందే ఎక్కాడని ఒకడు. మొహాలకి ముసుగులు, లోపల చీకటి, ఎవడికి తెలుస్తుంది? కాపలావాడేమో నేను ఇక్కణ్ణించి కదల్లేదు, పైకి ఎవరూ రాలేదు అని ఒట్టు పెట్టాడు. లోపల మోకాలి లోతు మడ్డి, మనిషి పడితే కనపడడు. సైరన్ మోగించారు. ముసుగులు వేసుకుని ఇద్దరిద్దరు దిగి వెతకడం మొదలుపెట్టారు. మీ తాతయ్య కూడా దిగారు. నాకు కబురు పంపమని ఎవరో అంటే ఏమన్నారో తెలుసా? చూస్తేగానీ ఆవిడకి చెప్పను అన్నారు. బాగా విను, ఇది ముఖ్యం. కబురు పంపి ఉంటే, నాకు తెలుసు వాడెక్కడున్నాడో, చెప్పి ఉండేదాన్ని.

మేనేజరుకి తొందర. సాయంత్రం అయిదింటికల్లా ట్యాంకు నింపాలి, బయట లారీలు వరసకట్టి ఉన్నాయి. "వాడెక్కడో పడి నిద్రపోతుంటాడయ్యా, నలుగురూ వచ్చారని రాసి మూసెయ్" అన్నాడట. మీ తాతయ్య నాలుగోవాణ్ణి చూస్తేగానీ మూతా వెయ్యను, తాళమూ ఇవ్వనన్నారు. దాదాపు నాలుగు గంటలు మొత్తం ఫ్యాక్టరీ ఆగింది. తమాషా ఏమిటంటే మేనేజరు చెప్పిందే నిజం. చూడకుండా చెప్పాడు, నిజమైంది. మీ తాతయ్య అన్నీ చూసి, వాడు లోపలే ఉన్నాడనుకున్నారు, తప్పైంది. ఇలాంటివి జరిగితే పిల్లలకి నీతులు ఎలా చెప్పమంటావు?

నాలుగున్నరకి నేను ఇంటికొచ్చి తలుపు తీశాను. మావాడు కాళ్ళకి చెప్పుల్లేకుండా నన్ను తోసుకుని పరుగెత్తాడు. గేటు దగ్గర జనం, ఏడుపులు. క్యాంటీన్ వంటావిడ, వాడికి రోజూ రెండు ముద్దలు ఎక్కువ పెట్టే మనిషి, గుండెలు బాదుకుంటోంది. ఏమైందమ్మా అని వీడే అడిగాడు. మన చూస్తేగానీ గారి బామ్మర్ది ట్యాంకులో పోయాడు నాయనా, పక్కకి జరుగు, కనపడటం లేదు అందిట. అప్పటిదాకా వాడికి ఆ సైరన్ ఎవరికోసమో తెలీదు. ఎవడో పాపం పోయినట్టున్నాడనుకున్నాడట.

కన్నంలోంచి మీ తాతయ్య పైకొచ్చేసరికి గేటువైపు నుంచి ఎదురుగా నడిచొస్తూ వీడు. ఆయన ఒళ్ళంతా నల్లగా మడ్డి, కళ్ళు తప్ప ఏమీ కనపడటం లేదట. సినిమాల్లోలాగా కౌగిలించుకుంటారనుకున్నారు అందరూ. "ఏ దారిన వచ్చావు?" అని అడిగారు. "గేటు దారిన బావా" అన్నాడు వీడు. చెయ్యి తుడుచుకుని కాగితం అడిగారు. ఆయన చేతిలోంచి మూడుసార్లు కలం జారిపడిందని ఆ తర్వాత ఎవరో చెప్పారు, ఆయన చెప్పలేదు. రాసింది మాత్రం గుండ్రటి అక్షరాలే. లోపలికి నలుగురు. బయటికి ముగ్గురు. నాలుగో మనిషి నాలుగూ యాభైకి గేటువైపు నుంచి నడిచి వచ్చాడు. మేనేజరు బతిమాలాడు, ఇప్పుడు చూశావుగా, నాలుగని దిద్దెయ్యవయ్యా అని. గేటువైపు నుంచి రావడం చూశాను, కన్నంలోంచి రావడం చూడలేదు అన్నారు. ఆ పర్మిట్ ఇప్పటికీ మూయలేదు, తెలుసా? కాగితం ప్రకారం నా తమ్ముడు ఇంకా ఆ ట్యాంకులోనే ఉన్నాడు.

ఆ సాయంత్రం నేనూ బతిమాలాను. ఆ ఒక్క అంకె మారిస్తే మీ సొమ్మేం పోతుందండీ, వాడికి బిడ్డ పుట్టబోతోంది అన్నాను. ఆయన గోళ్ళలో మడ్డి తీసుకుంటూ, "ఇవాళ వీడు ఇంట్లో ఉన్నా నేను నాలుగని రాస్తే, రేపు ఎవడో లోపల ఉండగానే ఇంకెవడో నాలుగని రాస్తాడు" అన్నారు. మాట సబబైనప్పుడు కోపం ఎక్కువొస్తుంది.

విచారణ పెట్టారు. అక్కడి నియమం ఏమిటంటే, చెప్పకుండా గంటలోపు బయటికి వెళ్తే మందలించి వదిలేస్తారు, గంట దాటితే ఉద్యోగం తీసేస్తారు. ఎంతసేపు నిద్రపోయావని అడిగారు మావాణ్ణి. నాలుగున్నరదాకా అన్నాడు. అయిపోయింది. టీకి వెళ్ళిన కాపలావాడు మాత్రం చోటు వదల్లేదని చెప్పి నిలబడ్డాడు, రెండేళ్ళకి సూపర్‌వైజరయ్యాడు. ఆ తర్వాత ట్యాంకు దగ్గర ఒక బోర్డు పెట్టారు, దిగే ప్రతివాడూ తన పేరున్న ఇత్తడి బిళ్ళ అక్కడ తగిలించాలి, పైకొచ్చి తనే తీసుకోవాలి. దాన్ని బామ్మర్ది బిళ్ళ అనేవారు. కొత్తగా వచ్చినవాళ్ళు అది ఇంగ్లీషు మాటేమో అనుకునేవారట.

మా తమ్ముడు బస్సు కండక్టరయ్యాడు. అక్కడా తలలు లెక్కపెట్టే పనే, చూడు. తొమ్మిదేళ్ళు మా గడప తొక్కలేదు. బామ్మర్ది బతక కోరతాడు, దాయాది చావ కోరతాడు అంటారే, ఈ బావేమిటి బామ్మర్ది నోటి దగ్గర కూడు తీసేశాడని చుట్టాలందరూ అన్నారు. నేనూ అన్నాను. అందరికంటే గట్టిగా నేనే అన్నాను.

ఏమిటీ, నాలుగున్నరదాకా ఎలా నిద్రపోయాడనా? అంత సైరన్ మోగుతుంటేనా? తెలివైనదానివే. విచారణలో ఒక్కరికీ తట్టలేదు ఆ ప్రశ్న. నిద్రపోలేదే. వాడు నిద్రపోయింది అరగంట, మహా అయితే నలభై నిమిషాలు. మధ్యాహ్నం విరామంలో నేను ఇంటికొచ్చాను. తాళంచెవి తాళానికే వేలాడుతోంది, వీడు కుర్చీలో మెడ వాల్చి నిద్రపోతున్నాడు. డ్యూటీ అయిపోయిందేమో అనుకున్నాను. తలుపు తీసి ఉంటే పక్కింటావిడ కబుర్లకి వస్తుంది, వాడి నిద్ర చెడుతుంది. అందుకని చప్పుడు కాకుండా, కాలివేళ్ళ మీద నడిచి వెళ్ళి, బయట తాళం వేసి బడికి పోయాను. చప్పుడు కాకుండా అనుకున్నాను. ఆ తాళం పడిన చప్పుడుకే మెలకువ వచ్చిందట వాడికి. అప్పటికి ఒంటిగంట కూడా కాలేదు. అక్కా అని కేక వేశాడట. నేను మలుపు తిరిగిపోయాను. కిటికీలకి ఇనుప ఊచలు. పక్కింటివాళ్ళని పిలిచాడు. వాళ్ళంతా సైరన్ విని గేటు దగ్గరికి పరుగెత్తారు, వాడికోసం ఏడవడానికి. ఇక ఎవరు వింటారు? అక్కడ ఆయన తాళం, ఇక్కడ నాది.

విచారణలో వాడు నా పేరు చెప్పలేదు. నేను వెళ్ళి చెప్పచ్చు. చెప్తే గంటలోపు లెక్కలోకే వచ్చేది, మందలింపుతో పోయేది. మీ తాతయ్యతో అయినా చెప్పచ్చు. చెప్తే రాసేవారు కదే. బయట తాళం వేసినది భార్య, వృత్తి ఉపాధ్యాయిని అని, గుండ్రటి అక్షరాలతో. ఇవాళ చెప్తాను, రేపు చెప్తాను అనుకుంటూ ఉండగానే వాడికి ఉద్యోగం పోయింది. పోయాక చెప్తే ఇంకా సిగ్గు.

తొమ్మిదేళ్ళకి మీ తాతయ్యకి జబ్బు చేసి, ఇక లేవరని తెలిసినప్పుడు తమ్ముడు వచ్చాడు. మంచం పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ బస్సుల గురించి, పిల్లల గురించి మాట్లాడుకున్నారు. ఉన్నట్టుండి ఆయన, ఆ రోజు ఎందుకు రాలేదురా నువ్వు అన్నారు. వాడు నావైపు చూడలేదు. చూస్తే బాగుండేది. "నిద్ర పట్టేసింది బావా" అన్నాడు. అంత సైరన్‌లోనా అన్నారు. ఆఁ అన్నాడు. ఆయన కళ్ళు మూసుకుని, "సరే, నువ్వు చెప్పావు. నేను చూడలేదు" అన్నారు. మళ్ళీ కళ్ళు తెరిచి నావైపు తిరిగి, "నువ్వేమైనా చూశావా?" అని అడిగారు.

నేను బడిలో ఉన్నానుగా అన్నాను.

అబద్ధమేమీ కాదు. మధ్యాహ్నమంతా బడిలోనే ఉన్నాను, హాజరు పట్టీలో ఉంటుంది కూడా. వాడు లేచి మంచినీళ్ళు తాగుతానని వంటింట్లోకి వెళ్ళాడు. నాలుగు రోజులకి ఆయన పోయారు, ఆ తర్వాత ఆరేళ్ళకి వాడూ... ఆ కాగితాలు తియ్యవే మంచం మీద నుంచి. దుప్పటి మార్చాలి.