సంభాషణలకి పదికి పది

బజారు మలుపులో గడియారాలు బాగుచేసే చిన్న షాపు. కౌంటరు లోపల ఆయన, బయట స్టూలు మీద ఆయన భార్య. ఆయన నిన్నటిదాకా నాలుగు రోజుల నాటక పోటీలకి ముగ్గురు జడ్జిల్లో ఒకడు. ఆవిడ బస్టాండులో బస్సుల రాకపోకలు మైకులో చెప్పే ఉద్యోగి. మార్కుల కాగితం పట్టుకెళ్ళడానికి నాలుగింటికి మనిషి వస్తాడు. ఇప్పుడు మూడున్నర.

"...మిగతా మార్కులు మీ ఇష్టమండీ. 'ఉత్తమ సంభాషణలు' అన్న చోట మాత్రం ఆ నాలుగో నాటకం పేరు కొట్టేయండి."

"కొట్టెయ్యను. నాటకమంటే చెవి కోసుకునే మనిషిని నేను."

"కోసుకోనక్కర్లేదు. ఒకసారి డాక్టరుకి చూపించుకుంటే చాలు. ఐదింటికి రమ్మన్నాడు."

"మళ్ళీ మొదలెట్టావా? నా చెవులకేం, గుండ్రాళ్ళలా ఉన్నాయి."

"నేనూ అదే అంటున్నా. గుండ్రాళ్ళేనని."

"అరవకు. ఇదేం బస్టాండు కాదు."

"బస్టాండులో అయితే రెండోసారికే వినేస్తారు."

"ఉండు, ఈ గోడ గడియారం సంగతి చూడనీ. మూడుసార్లు విప్పి బిగించాను, టిక్కు రావడం లేదు."

"టిక్కుటిక్కుమంటూనే ఉందండీ. మీరు మొదటిసారి విప్పకముందు నుంచీ. దానికి టిక్కుంది, మీకు టెక్కుంది."

"బాగానే అన్నావు. ఇన్నేళ్ళకి నా ప్రాసల జబ్బు నీకూ అంటుకుంది. సరే, ఎందుకు ఎన్ని మార్కులేశానో విను, తర్వాత తగువాడుకుందాం. మొదటి రోజు హత్య నాటకం. స్టేజీ మీద గోడ గడియారం మొదట్నుంచీ పదీ పదే. హత్య జరక్కముందూ పదీ పదే, పోలీసులొచ్చాకా పదీ పదే. అలాంటి గడియారం ఉన్న ఇంట్లో హత్య జరగక ఏం జరుగుతుంది?"

"సంభాషణల సంగతి చెప్పండి."

"వస్తున్నా. చంపింది ఎవరో ఆఖరిదాకా చెప్పలేదు. అదీ రచనంటే. ఏడు మార్కులు."

"చెప్పారుగా."

"ఎవరు చెప్పారు?"

"వంటమనిషి. స్టేజీ మధ్యకొచ్చి 'నేనే చంపాను' అని మూడుసార్లు చెప్పింది."

"...ఏడుస్తోందనుకున్నాను. పోనీలే, ఏడ్చిందనుకునే ఏడేశాను."

"రెండోది?"

"అన్నదమ్ముల నాటకం. నాకు నచ్చలేదు. ఎంత ప్రేముంటే మాత్రం, తమ్ముడు అన్న కాళ్ళ మీద పడి 'నాకూ వాత పెట్టు అన్నయ్యా' అంటాడా? ఆ అన్న పెట్టనంటాడు. పెట్టనన్నందుకు వీడు తల బాదుకుంటాడు. ఇదెక్కడి చోద్యం?"

"వాత కాదండీ. వాటా."

"ఏంటి?"

"వాటా. ఇంట్లో వాటా."

"...ఆ కుర్రాడు నోరు తెరిచి అనాలి మరి."

"హాలంతా ముక్కులు చీదుతుంటే మీరొక్కరే నవ్వారు. వెనక వరసలో తల ఎత్తుకోలేకపోయాను నేను. అప్పుడే అనుకున్నా, మీ పక్కనే కూర్చోవాలని. మూడో రోజు అడిగితే జడ్జిల టేబులు దగ్గరికి రానివ్వలేదు."

"రాకపోవడమే మంచిదైంది. అది పాటల నాటకం. సంగీతం, సంగీతం అని ఊదరగొట్టారు. 'సం' వినిపించింది, 'గీతం' గల్లంతు. డ్రమ్ములు బాగున్నాయి, మాటలు మాత్రం మింగేశారు. మూడు మార్కులు. అవీ డ్రమ్ములకే."

"ముందు వరసలో ఆరేళ్ళ పాప ఆ పాటలు పాడుకుంటూ ఇంటికెళ్ళింది. ఒక్క అక్షరం తప్పలేదు."

"పాపం, పాపకి పాము చెవులు. ఇక నాలుగోది. రెండు కుర్చీలు, ఓ ముసలాయన, ఓ ముసలావిడ. అంతే. ప్రతి మాటా నా చెవిలో చెప్పినట్టుంది. నాకు చెవుడే అయితే అదెలా వినపడింది? దీనికి చెప్పు సమాధానం."

"ఆ రోజు నేను వాళ్ళనీ వీళ్ళనీ బతిమాలి, కుర్చీ లాక్కొచ్చి మీ కుడిపక్కన కూర్చున్నాను."

"కూర్చుంటే?"

"ఆవిడ చెయ్యి కదిపితే చాలు, 'ఏమంది, ఏమంది' అని నన్ను మోచేత్తో పొడిచారు. ఇప్పటికీ నొప్పే."

"ఒకటి రెండుసార్లు అడిగుంటాను. నీది బస్టాండు మొత్తం వినే గొంతు, మాటలు చేరవేశావు, సంతోషం. మాటలు మాత్రం ఆ రచయితవేగా. పదికి పది."

"పక్క జడ్జిగారు మీ కాగితం చూసి నవ్వారన్నారు?"

"'దీనికి సంభాషణల మార్కులా' అని ఒకటే నవ్వు. ఈర్ష్య. వాడికేం తెలుసు? చివర్లో ఆవిడ అన్నది ఇంకా నా మనసులోంచి పోవడం లేదు. 'మీరు వినకపోయినా ఫర్వాలేదు. విన్నట్టు తలూపకండి. మీరు తలూపిన ప్రతిసారీ ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నట్టుంటుంది.' ఎవరో గాని, బాగా సంసారం చేసినవాడు రాశాడు."

"చేసినావిడ."

"ఏంటి?"

"సంసారం చేసినావిడ. ఆ మాట నాదండీ."

"నీదా?"

"నాదే. మీతోనే అన్నాను. ఇంట్లో అంటే తలూపేస్తారు కదా, అందుకని అక్కడన్నాను."

"ఊఁ, ఊఁ."

"ఇదిగో, మళ్ళీ ఊపుతున్నారు."

"ఊపడం కాదు. వంచుకున్నాను."

"ముప్పై ఏళ్ళుగా కంటికి భూతద్దం బిగించుకుని పనిచేస్తున్నారు, నామోషీ లేదు. చెవికి చిన్న మిషనంటే ఎందుకండీ అంత ఇది?"

"భూతద్దం పెట్టుకుంటే పనివాడంటారు. మిషను పెట్టుకుంటే ముసలాడంటారు."

"నేనంటానా?"

"నువ్వన్నా నాకు వినపడదుగా."

"అదేనండీ నా బాధ."

"...ఐదింటికన్నావు కదూ? మనిషి రాగానే కాగితం ఇచ్చేసి షట్టరు దించేద్దాం."

"నిజంగానా?"

"నిజంగానే. కాని జడ్జిని, న్యాయంగా ఉండాలి. ఆ చివరి మాట నీది, సరే. స్టేజీ మీద అసలావిడ ఏమందో అది చెప్పు. దాన్నిబట్టి పదిలో ఒకటో అరో తగ్గిస్తాను."

"ఏమీ అనలేదండీ. అది మూకాభినయం."