అద్దె బూట్లు

కొండ మీద చివరి బసలో, కిటికీ తెల్లబడుతుండగా, అక్క మంచం అంచున కూర్చుని బూట్ల లేసులు బిగిస్తోంది. చెల్లెలు సంచి జిప్పు తీస్తూ, వేస్తూ ఆమెనే గమనిస్తోంది.

"రాత్రి నిద్ర పట్టిందా అక్కా?"

"ఎందుకు పట్టదు? నువ్వు తెమిలితే ఎండెక్కకముందే కనుమ దాటేస్తాం."

"రొట్టె ముట్టనే లేదు."

"ఆకలి లేదు. ఊరికే ప్రాణం తియ్యకు."

"తలనొప్పా?"

"నాకేం లేదని చెప్తుంటే. ఈ అద్దె బూట్లొకటి, చవగ్గా వచ్చాయని తెచ్చుకుంటే, నిన్నటిదాకా బాగానే ఉండి ఇవాళ కాళ్లు కొరికేస్తున్నాయి."

చెల్లెలు వంగి చూసింది. కుడి బూటు ఎడమ కాలికి ఉంది, ఎడమది కుడి కాలికి. అక్క రెండో ముడి కూడా వేసేసింది. పైకెక్కేకొద్దీ గాలి పలచనై ముందు తడబడేది బుర్రేనని, బయల్దేరేముందు పదిసార్లు చెప్పింది అక్కే.

"అక్కా, నావల్ల కావట్లేదు. తల పగిలిపోతోంది. దిగిపోదాం."

"ఇప్పుడా? ఇంత దూరం వచ్చాకా?"

"ఎవరికి బాగోకపోయినా ఇద్దరం దిగాలని నువ్వేగా అన్నావు."

అక్క కిటికీలోంచి మంచుకొండను చూసి మొహం తిప్పుకుంది.

"నిన్ను వెంటేసుకు రావడం నాదే బుద్ధితక్కువ. పద. నీకోసం దిగుతున్నా. ఇంట్లో అందరికీ అదే చెప్తాను."

"చెప్పు, అందరికీ చెప్పు," అంటూ చెల్లెలు నేల మీద కూర్చుని అక్క కాలు ఒళ్లోకి తీసుకుంది. "ముందు ఈ ముడి విప్పనీ."