నాలుగు గుడ్డ ముక్కల వరస

వీధిలోకి నడుములోతు వరద వచ్చిన ఏడాది అది. దర్జీ కొట్లో మనవరాలు తాతకు ఇంగ్లీషు నేర్పుతోంది.

"మేడ మీద అద్దెకుండే ఆసుపత్రి నర్సమ్మ రేపు పొద్దున్నే ఖాళీ చేసి వెళ్లిపోతోంది తాతా. వరదలో నీ కుట్టుమెషిన్ భుజానెత్తుకుని పైకి చేర్చిన మనిషి! ఇన్నాళ్లూ మెట్ల దగ్గర కనబడితే తల ఊపి ఊరుకున్నావు."

"ఆవిడకి మన మాట రాదు. నాకు ఇంకే మాటా రాదు."

"అందుకే ఇంగ్లీషులో అనమంటున్నా. యూ సేవ్డ్ మై మెషిన్. మీరు నా మెషిన్‌ని కాపాడారని."

"మై మెషిన్ యూ సేవ్డ్."

"మళ్లీ మెషినే ముందా?"

"నాకు ముందు అదే కదే."

"ఇంగ్లీషులో మనిషి ముందు, చేసిన పని ఆ వెనకే, వస్తువు చివర."

"మెషిన్ సేవ్డ్ యూ."

"అయ్యో తాతా! మెషినే ఆవిడని కాపాడినట్టుంది!"

"ఆవిడ చిరుగులన్నీ కుట్టింది అదేగా. అబద్ధమేముంది?"

"వేళాకోళం చాలు. ఇదిగో గుడ్డ ముక్కలు. ఎర్రది యూ, పసుపుది సేవ్డ్, తెల్లది మై, నీలంది మెషిన్. వరసగా పెట్టు."

"ఫ్యాను గాలికి ఎగిరిపోతున్నాయే."

"చేత్తో పట్టుకో మరి."

"పట్టుకోవడమెందుకు? కుట్టేస్తే చచ్చినా కదలవు."

మర్నాడు పొద్దున తాత మేడెక్కి, కుట్టిన పట్టీ మీద వేలు జరుపుతూ నాలుగు మాటలూ వరస తప్పకుండా చెప్పాడు. ఆవిడ కళ్లు తుడుచుకుని గుక్క తిప్పుకోకుండా ఇంగ్లీషులో ఏదేదో చెప్పింది. తాత ఎప్పటిలాగే తల ఊపాడు. పట్టీ ఆవిడ చేతిలో పెట్టి, మెషిన్ ఎక్కిన ఆ మెట్ల మీదుగానే ఆవిడ ట్రంకుపెట్టె భుజానెత్తుకుని దిగాడు.