ఆఖరి సైజు

తొర్రూరులో పోశాలు మేస్త్రి ఇంజన్ బోరింగ్ షెడ్డు. పొద్దున పది గంటలు. మేస్త్రి టీ తాగడానికి వెళ్లాడు. ఆయన కూతురు రూతు, విప్పిన చిన్న కారు ఇంజన్ బ్లాకును బల్ల మీద పెట్టి కొలుస్తోంది. ఎదురుగా ఆ కారు యజమాని, డ్రైవింగ్ స్కూలు భూపాల్.

“మళ్ళొకసారి చెప్తాన భూపాలన్నా, నువ్వు తెచ్చిన పిస్టన్లు దీనికి పనికిరావు.”

“పనికిరాకపోవుడేంది చెల్లె? పాత పిస్టన్ల మీద ఇరవై ఐదు అని ఉన్నది. కొత్తవాటి మీద గూడ ఇరవై ఐదే ఉన్నది. నేనేం అంకెలు రానోన్నా?”

“పట్టుడైతె పడతయ్. చిన్నప్పుడు మా బాపు చెప్పుల్ల నా కాళ్లు గూడ పట్టినయ్. లొడలొడ అనుకుంట బడి దాక పోయిన.”

“నాకు చెప్పుల ముచ్చట ఎందుకు?”

“ఇంజను ముచ్చట చెప్తె ఇంటలేవ్ గదా. మూడు సిలిండర్లు అరిగినయ్. పైన ఎక్కువ, కింద తక్కువ. గుండ్రంగ ఉండాల్సినవి కోడిగుడ్డు లెక్కయినయ్. మళ్ళ బోరు కొట్టి, లోపల కోసి జర పెద్దగ చేసి, యాభై సైజు పిస్టన్లు ఎయ్యాలె.”

“యాభై అంటె ఆఖరి సైజు గదా?”

“ఆఖరిదే. దాని మీద పెద్దవి దొరకయ్.”

“మరి గంత ఆఖరి మాట, టీల ఇంకింత చక్కెర ఎయ్యనా అన్నంత సులువుగ చెప్పవడ్తివి!”

“ఏడ్సుకుంట చెప్తె సిలిండరు అరగకుండ ఉంటదా?”

“మూడేండ్లకే గింత ఎట్ల అరిగింది?”

“నీ ఎయిర్ ఫిల్టరు విప్పి చూసిన. కొత్తగూడ దారి దుమ్ము సగం దాంట్లనే ఉన్నది. దులిపితె నారు పోసుకోవచ్చు.”

“నేర్చుకునేటోళ్ల బండి చెల్లె. మొన్నొకామె ఫస్టు గేరుల పెట్టి మూడు కిలోమీటర్లు తోలింది. ఇంజను మొత్తుకుంటాంటె, అన్నా రేడియో పెట్టినవా అని అడిగింది.”

“మరి పక్కన కూసున్న నువ్వేం చేసినవ్?”

“నేనా? నేను... గది ఇడిసిపెట్టు. ముందు గీ పిస్టన్ల ముచ్చట తేల్చు. మా బామ్మర్ది హైదరాబాదుకెళ్లి తెచ్చిండు. అసలు కంపెనీవి.”

“అసలు కంపెనీ పేరుల ఒక అక్షరం తక్కువ ఉన్నది డబ్బ మీద.”

“అక్షరాలతోని నడుస్తదా బండి?”

“నడవది. అందుకే తూకం ఏసిన. ఇగో, గీ చిన్న కాంటా చూడు. ఇది ఒకటోది. ఇది రెండోది. రెండు సమానం. ఇప్పుడు మూడోది పెడుతాన.”

“ఎంతొచ్చింది?”

“పది గ్రాములు ఎక్కువ.”

“ఓసి, పది గ్రాములా! నేను పొద్దున తిన్న మిర్చి బజ్జి అంతకన్న బరువుంటది.”

“నువ్వు నిమిషానికి మూడు వేల సార్లు ఎగిరి దుంకుతలేవ్ గదన్నా. ఇది దుంకాలె. పక్క రెండిటితోని సమానంగ దుంకాలె. లేకుంటె బండి మొత్తం ఊగుతది. నేర్చుకునేటోళ్లకు వేరే ఊయల ఎందుకు?”

“నీకు నోరెక్కువైంది.”

“చెవులు తక్కువోళ్లు వస్తాంటె నోరు ఎక్కువ పెట్టుకోవాల్సొస్తది. చెప్పు, యాభైది ఒక మంచి సెట్టు షెడ్డుల్నే ఉన్నది. మూడు ఒక్కటే తూకం. మధ్యాహ్నం మిషిను మీద ఎక్కిస్తె రేపటికల్లా బ్లాకు తయారు.”

“ఆగు, ఆగు. మేస్త్రిని రానియ్యి.”

“మేస్త్రి వచ్చి ఏం చేస్తడు? అరిగిన ఇనుమును బుజ్జగిచ్చి వెనక్కు తెస్తడా?”

“గట్ల గాదు చెల్లె. ఒక్కసారి కోసినంక మళ్ళ అతికియ్యరాదు. ఆఖరి సైజుల చెయ్యి తప్పితె బ్లాకు పోతది. బ్లాకు పోతె బండి పోతది. నాకున్నది ఒక్కటే బండి. మంగళవారం పన్నెండు మందికి మానుకోటల లైసెన్సు టెస్టు ఉన్నది. వాళ్లందరి చేతి మీద నా స్కూలు నిలవడ్డది.”

“మరి నా చెయ్యి తప్పుతదని నీకెవరు చెప్పిండ్రు?”

“ఎవరు చెప్పలే. ఆడిపిల్లవని అంటలేను—”

“అంటలేనన్నవంటె అంటాన్నట్టే.”

“పోశాలు మేస్త్రి చెయ్యి వేరు. గంతే. పోయినసారి ఆయన కొట్టిన బోరుకు మూడేండ్లు ఒక్క చుక్క నూనె తాగలే ఇంజను. నేను వరంగల్ దాక చెప్పుకున్న, పోశాలు చెయ్యంటె చెయ్యే అని.”

“అట్లనా! మంచిది. ఆ చేతికొక పూలదండ తెద్దామా?”

“నవ్వు, నవ్వు. అగో, మేస్త్రి రానే వచ్చిండు!”

పోశాలు టీ గ్లాసు పట్టుకుని లోపలికి వచ్చాడు. కళ్లకు దళసరి అద్దాలున్నాయి.

“ఎవరు, భూపాలా? బస్టాండు దాక ఇనవడుతాంది నీ గొంతు. తొర్రూరుల మైకు అద్దెకిచ్చేటోళ్లు పరేషాన్ అయితాండ్రు.”

“మీ బిడ్డ నన్ను అడ్డం నిలువు తిడుతాంది మేస్త్రి.”

“మంచి పని. ఇంటికాడ తిట్టించుకొని వస్తె ఇక్కడ తప్పుతుండె గదా.”

“బాపు, సిలిండర్లు పైన పన్నెండు పాయింట్లు అరిగినయ్, కింద నాలుగు. యాభై ఎయ్యాలన్న. ఈ అన్న నువ్వే చెప్పాలంటాండు.”

“చెప్తాన. యాభై ఎయ్యాలె.”

“మీరు కొలవనే లేదు గదా మేస్త్రి!”

“నలభై ఏండ్ల సంది చేస్తాన. ఇంజను సప్పుడు ఇంటెనే సమజైతది నాకు.”

“ఇంజను ముక్కలైపోయి బల్ల మీద ఉన్నది. సప్పుడు ఏడికెళ్లి వచ్చింది?”

“నువ్వు చేస్తలేవా సప్పుడు! గది చాలు.”

“పరాచికాలు కాదు మేస్త్రి. మీరు గేజి పట్టి చూసి, మీ చేతుల తోని కోస్తనంటెనే బ్లాకు ఇక్కడ ఉంచుత. లేకుంటె ఆటోల ఏసుకొని వరంగల్ పోత.”

“ఎందుకు గంత కోపం? నేనే కోస్త తీ. ఎప్పుడు నేనే గదా కోసేది. పిల్లదేమున్నది, హెల్పరు. నట్లు అందిస్తది, డీజిలు పెట్టి కడుగుతది—”

“హెల్పరా?”

“మాట వరుసకన్న రూతూ.”

“మాట వరుసనే బాపు. మంచి వరుస. జరుగన్నా, హెల్పరు పక్కకు పోవాలె. రాండ్రి మేస్త్రి గారూ. ఇగో గేజి. ఇగో సిలిండరు. కొలిచి చెప్పుండ్రి.”

“రూతూ, అందరి ముందట గిట్ల—”

“అందరెవరున్నరు బాపు? గీ భూపాలన్న ఒక్కడే. ఆయనకు నీ చెయ్యి కావాల్నట. ఇయ్యి.”

“ఇయ్యుండ్రి మేస్త్రి. ఆమె అలిగితె అలగనియ్యుండ్రి.”

“ఆఁ... చూస్తాన. ముల్లు... మధ్యల ఉన్నది.”

“మధ్యలంటె ఎంత మేస్త్రి?”

“మధ్యలంటె మధ్యలనే. పన్నెండు.”

“గేజి ఇంక సిలిండర్ల పెట్టనే లేదు గదా మేస్త్రి. చేతిలనే పట్టుకున్నరు.”

“ఆఁ? పెడుతాన, పెడుతాన. తొందర పెట్టకు. టీ గూడ సక్కగ తాగలే నేను.”

“సరే, గేజి పక్కకు పెట్టుండ్రి. గీ పిస్టను పట్టుకోండ్రి. నెత్తి మీద కొట్టిన అంకె ఉన్నది గదా, అదెంత? నేను తెచ్చింది ఇదా, మీ షెడ్డుదా?”

“ఇదా? ఇది... యాభై. మాదే. మంచి సరుకు. చేతికే తెలుస్తాంది.”

“అది నేను తెచ్చింది మేస్త్రి. ఇరవై ఐదు.”

“అన్నా, బాపు దగ్గరి అద్దాలు ఇంట్ల మర్చిపోయిండు. ఇవి దూరంవి. ఇంక నువ్వు—”

“ఇందాక రమ్మని సవాలు చేసినవ్, ఇప్పుడు అడ్డం వస్తాన్నవ్. ఏందిది? మేస్త్రి, మీకు కనవడుతాందా లేదా?”

“కనవడుతాంది అన్నా, నువ్వు ఊకో—”

“నువ్వు ఊకో రూతూ. చాలు. బిడ్డా భూపాల్, షుగరు కండ్లకు దిగింది. నాలుగేండ్లాయె. వరంగల్ దవాఖానల లైటు పెట్టి కాల్చిండ్రు, సూది ఏసిండ్రు. మనిషైతె కనవడతడు, గొంతు ఇంటె ఎవరో చెప్త. గేజి మీద ముల్లు మాత్రం కనవడది. నీ బండికి పోయినసారి బోరు కొట్టిన చెయ్యి నాది గాదు. గీ పిల్లది. నేను మిషిను పక్కపొంటి కూసొని మాట్లాడుడే.”

“మూడేండ్ల కిందట... నా బండికా?”

“నీ బండికి. నీ తర్వాత వచ్చిన అన్ని బండ్లకు.”

“అంటె నన్ను పిచ్చోన్ని చేసిండ్రన్నట్టు!”

“భూపాలన్నా, ఇంజను నడిచిందా?”

“నడిచింది.”

“నూనె తాగిందా?”

“మొన్న మొన్నటి దాక తాగలే.”

“మరి ఏడ మోసపోయినవో చూపెట్టు. అక్కడ గూడ బోరు కొడుత.”

“నవ్వులాట గాదు చెల్లె. ఎందుకు చెప్పలే నాకు?”

“చెప్తె ఏమంటుంటివి? పొద్దున్నుంచి నువ్వేమన్నవో అదే అంటుంటివి.”

“నేను చెప్పనియ్యలే భూపాల్. ఆమె ఏడాదికొకసారి అడుగుతది, ఇగ చెప్దామా బాపు అని. ఈ యేడు ఆగు, గిరాకి పోతది అంట. మళ్ళ యేడు గూడ గదే మాట.”

“గిరాకి కోసమే అన్నవా బాపు?”

“కాదు బిడ్డా. గిరాకి పేరు చెప్పిన. నాకు చాతగాదు అని ఊళ్లె తెలుస్తదని భయం. పొద్దున షట్టరు తీసి మేస్త్రి అనిపించుకోకపోతె ఆ పూట బువ్వ దిగది నాకు. గంతే. హెల్పరు అన్నది తప్పు.”

“తప్పే.”

“తప్పే అంటాన గదా.”

“మళ్ళొకసారి అను, గీ అన్నకు ఇనవడలేదేమో.”

“ఇనవడ్డది, ఇనవడ్డది! మీ తండ్రి బిడ్డల పంచాయితిల నన్ను ఎందుకు గుంజుతరు? నేను బయటికి పోయి అందరికి చెప్తె ఏమైతది మీ షెడ్డు?”

“చెప్పన్నా. మైకు పెట్టి చెప్పు. ఆటో కట్టుకొని తిరిగి చెప్పు. నాలుగేండ్ల సంది గదే కావాలె నాకు.”

“బ్లాకు తీసుకపోతవా మరి భూపాల్? తీసుకపోతె నేనే ఆటో ఎక్కిస్త. దానికి నా కండ్లు సరిపోతయ్.”

“ఆగుండ్రి మేస్త్రి. జర కూసోనియ్యుండ్రి.”

“ఏమైందన్నా? స్టూలు గుంజుకున్నవ్. నీళ్లు తాగుతవా?”

“ఏం లే. కొట్టు చెల్లె. యాభై కొట్టు.”

“ఎవరు కొట్టాలె? నట్లు అందిచ్చే చెయ్యి నాది. మళ్ళ ఆలోచించుకో.”

“నువ్వే కొట్టు తల్లీ. ఇగ ఇజ్జత్ తియ్యకు. గని ఒక్క మాట. రేపు బ్లాకు కోసం మా శైలజ వస్తది. నేను ఇక్కడ ఆడిపిల్ల, చెయ్యి అదీ ఇదీ అన్నది ఆమెకు చెప్పకుండ్రి.”

“ఎందుకు? వదిన కొడతదా?”

“కొట్టది. నవ్వుతది. కొడితెనే నయం.”

“గంత నవ్వేదేమున్నది దాంట్ల?”

“మీరన్న చెప్పుండ్రి మేస్త్రి, బయట పడనియ్యరు గదా?”

“నా ముచ్చట నీ దగ్గర లేదా? చెప్పు.”

“ఐదేండ్ల కింద గంగారం దారిల నేను బండి తీసుకపోయి చెట్టుకు గుద్దిన. గప్పటి నుంచి భయానికి స్టీరింగు మీద చెయ్యే పెట్టలే.”

“మరి స్కూల్ల నేర్పేది ఎవరన్నా?”

“మొత్తం శైలజనే. ఆడోళ్లకు, మగోళ్లకు అందరికి. నేర్చుకున్న మగోడు ఒక్కడు బయటికి చెప్పడు, ఆడామె నేర్పిందంటె సిగ్గు. బోర్డు మీద పేరు నాది, మేస్త్రి. నేను వెనక సీట్ల కూసొని మాట్లాడుడే.”