పక్కింటావిడ కోడలు

శిక్షణ తరగతి అయిపోయింది. నర్సులందరూ సంతకాలు పెట్టి బస్సు కోసం పరుగెత్తారు. ముప్ఫై ఏళ్ళ సర్వీసున్న పెద్ద నర్సు మాత్రం సంచీ భుజానికెత్తుకుంటూ, మళ్ళీ దించుకుంటూ, పాఠం చెప్పిన డాక్టరమ్మని వదలడం లేదు.

"మళ్ళీ ఒక్కసారి చెప్పండి డాక్టరమ్మా. అంటుకోదంటారు?"

"సోరియాసిస్ అంటుకోదు సిస్టర్. నాలుగోసారి చెప్తున్నాను. పన్నెండు ఫోటోల్లో ఏది తామరో, ఏది సోరియాసిస్సో ఒక్కటి కూడా తప్పకుండా గుర్తుపట్టారు. మీ జవాబు కాగితంలో ఈ ప్రశ్న దగ్గరే ఏంటిది? అంటుకుంటుందని రాశారు, కొట్టేశారు, మళ్ళీ రాశారు."

"పెన్ను సరిగ్గా లేదు."

"పెన్నుదా తప్పు?"

"సరే వదిలెయ్యండి. బస్సు టైమైంది, వస్తా... అది కాదు, తల్లికుండి, ఆరేళ్ళకి బిడ్డకొస్తే? దాన్నేమంటారు మరి?"

"ఎవరింట్లో?"

"పక్కింట్లో. పక్కింటావిడ కోడలు. మోచేతుల మీదా, మోకాళ్ళ మీదా, అచ్చం మీ ఏడో ఫోటోలో ఉన్నట్టే తెల్లటి పొట్టు. బిడ్డకంటుకుంటుందని ఆ అత్తగారు పురిటి రోజు నుంచే తల్లికి వేరే గది, వేరే పళ్ళెం, వేరే దుప్పటి పెట్టేసింది. పాలు కూడా డబ్బాపాలే."

"అయ్యో! ఎవరు చెప్పారండీ ఆవిడకి?"

"ఎవరో నర్సు."

"సిస్టర్..."

"అంత చేసినా వచ్చిందిగా! మొన్న తల దువ్వుతుంటే చెవుల వెనకాల ఎర్రగా, పైన పొట్టు. మీరు చూడమన్న చోటే!"

"పక్కింటి పాపకి తల మీరు దువ్వుతారా?"

"ఎవరు దువ్వితేనేం! ఆ తల్లే దొంగచాటుగా ఎత్తుకుని ఉంటుంది. లేకపోతే ఎలా వస్తుంది?"

"ఎత్తుకుందా?"

"లేదంది. ఒట్టేసింది. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా ముట్టుకోలేదత్తయ్యా, నిద్రపోతుంటే గుమ్మంలో నిలబడి చూసేదాన్నంతే, అని ఏడ్చింది."

"మరి ముట్టుకోకుండా ఎలా అంటుకుంది సిస్టర్?"

"పళ్ళెం, దుప్పటి కూడా వేరేనే కదండీ!"

"కొన్ని కుటుంబాల్లో ఇది రక్తంలోనే వస్తుంది. ముట్టుకుంటే రాదు, దూరం పెడితే ఆగదు. ఆ అమ్మాయి నిజమే చెప్పింది. కూర్చోండి, ముందు కాసిని మంచినీళ్ళు తాగండి. ఇప్పుడెక్కడుంది తను?"

"నిన్న పొద్దున పుట్టింటికి పంపించేశా. సంచీ కూడా నేనే సర్దా."

"ఫోను చెయ్యండి."

"ఏ మొహం పెట్టుకుని చెయ్యను?"

"ఈ మొహమే పెట్టుకుని చెయ్యండి."

"రింగవుతోంది... ఎత్తదు. ఎందుకెత్తుతుంది... హలో! నేనే, అత్తయ్యని. పెట్టెయ్యకమ్మా, పెట్టెయ్యకు. నువ్వు చెప్పింది నిజమేనంట. తప్పు ఆ నర్సుది... కాదు, నాది. నాదే. ఇంటికొచ్చెయ్యి తల్లీ. రేపు బడికి పాపకి జడ నువ్వే వెయ్యాలి. పక్కలో నువ్వే పడుకోబెట్టుకోవాలి. వింటున్నావా? ఏంటీ? గట్టిగా చెప్పమ్మా... పిల్ల నీ దగ్గరికి వస్తుందా, అనా?"