టీ ధర: మార్పు లేదు

మాటల మీద పన్ను వేస్తే ముందుగా దివాలా తీసేవాడు సూచీ బాబాయి. ధరల లెక్కలు కట్టే ఆఫీసులో ఉద్యోగం ఆయనది. నెలనెలా కొట్లు తిరిగి, ఏ వస్తువు ఎంతకు అమ్ముతున్నారో అడిగి పైకి పంపాలి. అన్ని ఊళ్ళ ధరలూ అక్కడ కలిపి, జనం బతుకు ఖర్చు పెరిగిందో తగ్గిందో ఒక్క అంకెలో చెబుతారు. దాన్ని ధరల సూచీ అంటారు. నోరు తెరిస్తే అదే మాట కనుక చివరికి అదే ఆయన పేరైంది.

బస్సు డిపో పక్కన టీకొట్టు నడిపే అక్కకు ఆ రోజు పొద్దున్నుంచీ ఒక మాట నోట్లోనే నానుతోంది. టీ ధర పెంచాలి. అద్దె పెరిగింది, పాలు పెరిగాయి, గ్యాసు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇంకొన్నాళ్ళు ఇలాగే లాగితే పొయ్యి ఆర్పి ఇంట్లో కూర్చోవడమే. కానీ ఆ మాట అనబోయినప్పుడల్లా ఎదురుగా బల్ల మీద బాబాయి! "నీది మామూలు కొట్టనుకున్నావా అమ్మాయ్? మా జాబితాలో కొట్టు. నువ్వు ధర కదిపితే దేశం కదులుతుంది" అని ఆయన ఎప్పుడో అన్నాడు. ఆ మాట ఆమెకు మెడలో దండలాగానూ ఉంది, గుండెల మీద రాయిలాగానూ ఉంది.

"బాబాయ్ గారూ, ఒక్క మాట..." అని మొదలుపెట్టింది.

"ఆగమ్మాయ్, సబ్బు సంగతి చెబుతున్నాను కదా!" అన్నాడు బాబాయి, గ్లాసు పెదవుల దాకా తెచ్చి మళ్ళీ దించుతూ. "మా పద్ధతేమిటి? అదే కొట్టు, అదే సరుకు, అదే తూకం. మొన్న మూల కొట్టుకెళ్తే, అదే సబ్బు, అదే ధర అన్నాడు వాడు. అరచేతిలో పెట్టుకున్నానో లేదో, ఇది నా సబ్బు కాదురా అన్నాను! తూస్తే ఏముంది, గోరంత తగ్గింది. ధర అలాగే ఉంచి సరుకు తగ్గిస్తే ధర పెంచినట్టే మా లెక్కలో. కళ్ళకు గంతలు కట్టినా నాకు తెలిసిపోతుంది."

"అంత చెయ్యి ఉంటే మా దుకాణంలో బొత్తాలు కుట్టేవాడివి" అన్నాడు బల్ల చివర కూర్చున్న దర్జీ.

"బొత్తాలు నీకు వదిలేశాను, దేశం నేను చూసుకుంటున్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పెద్దాఫీసులో లెక్కల యంత్రం మొరాయించింది. ఊరూరి ఉల్లిపాయలూ దాని గొంతులో అడ్డం పడ్డాయి. ఇక బాబాయే దిక్కని ఫోను. ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో ఫోను, అన్ని ఊళ్ళ ఉల్లి సగటూ నోటితోనే కట్టి పారేశాను. అవతల పెద్దాయన కళ్ళు తుడుచుకుంటున్నాడు!"

"లెక్కకా, ఉల్లికా?" అన్నాడు డ్యూటీ దిగి వచ్చిన కండక్టరు.

"భక్తికిరా! అంతటితో అయిందా? ఆ నెల టమాటా రెచ్చిపోయింది. సూచీ మెట్లెక్కుతోంది, పెద్దాయన చెప్పులు చేత్తో పట్టుకుని దాని వెనక పరుగు. నేను సరాసరి బజారుకెళ్ళి టమాటాల గుట్ట ముందు నిలబడి, ఒక్క చూపు చూశాను. పొద్దుట పచ్చిగా ఉన్న కాయలు, సిగ్గుతో అప్పటికప్పుడు ఎర్రబడిపోయాయి! ధర దానంతటదే దిగొచ్చింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? దేశం బుట్టను నన్నే మోసుకు రమ్మన్నారు."

"ఏం బుట్ట?" అన్నాడు దర్జీ.

"జనం కొనేదంతా ఒక బుట్ట అనుకుంటాం మేము. దేని మీద ఎక్కువ ఖర్చవుతుందో దానికి బరువెక్కువ. గుండుసూది రెట్టింపైనా బుట్ట చలించదు. ఇంటద్దె కాస్త కదిలితే బుట్టంతా ఒరుగుతుంది. అందుకని అద్దె ఇల్లు అడుగున పెట్టాను, దాని మీద బియ్యం మూటలు, ఆసుపత్రి, కాలేజీ, గడ్డం గీస్తున్న మంగలి, సగం గడ్డంతో కూర్చున్న మనిషి..."

"నా బస్సో?"

"నీ బస్సూ, నువ్వూ, చిల్లర లేదు దిగమన్నావే, ఆ మాట కూడా! అన్నీ నెత్తిన పెట్టుకుని రాజధాని దాకా నడిచాను. దారిలో అద్దె పెరిగి ఇల్లు బరువెక్కిందని మెడ చెబుతోంది, నేను ఆ అంకె నడుస్తూనే రాసుకుంటున్నాను! ఆ పక్క కొండ ఉంది చూడు, అది నేను బుట్ట దించినచోట లేచిన మట్టే. నా కన్ను గప్పి ఈ దేశంలో గింజ తగ్గదమ్మాయ్!"

అక్క చేతిలో గరిటె ఆగింది. ఇంతకాలం నోట్లో నానిన మాట ఇప్పుడు తనంతట తనే బయటికొచ్చింది.

"బాబాయ్ గారూ, గ్లాసు కింద పెట్టండి. పాత మచ్చలో పెట్టండి."

బల్ల చెక్క మీద ఏళ్ళ తరబడి టీ గ్లాసులు పెట్టి పెట్టి గుండ్రంగా నల్లటి మచ్చ పడింది. బాబాయి గ్లాసు అందులో పెట్టాడు. గ్లాసు చుట్టూ ఇంకో వేలు పట్టేంత ఖాళీ ఉంది.

"వానలు మొదలైనప్పుడే గ్లాసు మార్చాను. ధర పెంచితే దేశం కదులుతుందన్నారని, గ్లాసు తగ్గించాను. అందరికీ చెప్పాను. మీకూ చెప్పాను. అప్పుడు మీరు మాకు బిస్కెట్ల కథ చెబుతున్నారు."

"మేం విన్నాం" అన్నాడు దర్జీ.

"బాబాయ్, మరి ఇన్ని నెలలూ టీ గురించి పైకి ఏం పంపావు?" అన్నాడు కండక్టరు.

బాబాయి గొంతు సవరించుకున్నాడు. "మార్పు లేదు."

డిపోలో బస్సులు కూడా ఉలిక్కిపడేలా నవ్వారు. అక్క మాత్రం నవ్వలేదు. పై అరలోంచి పాత పెద్ద గ్లాసు దించి, కడిగి, అంచుదాకా టీ పోసి మచ్చలో పెట్టింది. అచ్చంగా సరిపోయింది.

"గ్లాసు పాతది, ధర కొత్తది. ఎంతో చెబుతాను, సరిగ్గా రాసుకోండి. దేశం కదిలితే కదలనివ్వండి. నా కొట్టు టీ ధర అడిగి తెలుసుకుంటోందిగా, నిజమే తెలుసుకోనివ్వండి."

ఆమె వెన్ను నిటారుగా ఉంది. బాబాయి బుద్ధిగా రాసుకుని, పెద్ద గ్లాసు ఎత్తి ఒక గుక్క, ఇంకో గుక్క తాగాడు. చాలాసేపటికి గాని అడుగు కనిపించలేదు.

"అదా సంగతి!" అన్నాడు మొహం వెలిగిపోతూ. "ఈ మధ్య కథ సగంలో ఉండగానే టీ అయిపోతోందేమిటా అనుకున్నాను. నా కథలే పొడుగయ్యాయనుకున్నాను."

"అదీ నిజమే బాబాయ్" అన్నాడు కండక్టరు లేస్తూ. "ఇన్నాళ్ళూ ధర మారలేదు, టీ తగ్గింది, నీ కోతలు పెరిగాయి. మూడూ రాసి పంపు."